నలభై ఏళ్ళ భిలాయి వదిలి విశాఖ వచ్చాం, ఆయన సామాను విప్పనివ్వడం లేదు

సెక్టార్6_అన్నపూర్ణ
1984లో పెళ్ళయి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి వెళ్ళాను. మావారు స్టీల్ ప్లాంటులో మెకానికల్ మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని వాళ్ళ క్వార్టర్లోనే ఉన్నాం. అబ్బాయి విదేశంలో, అమ్మాయి విశాఖలో. ఆయనకి 69, నాకు 62, ఇద్దరికీ సుగర్. "రాత్రివేళ ఏమన్నా అయితే నేను వచ్చేసరికి తెల్లారిపోతుంది, ఇక్కడికి వచ్చేయండి" అని అమ్మాయి పోరగా పోరగా, మొన్న దసరా వెళ్ళాక మధురవాడలో ఫ్లాటు తీసుకుని వచ్చేశాం. సామాను దించామో లేదో మొంథా తుఫాను. ఆయన ఆ రాత్రంతా కిటికీ దగ్గరే కూర్చున్నారు. భిలాయిలో ఎండలు చూశాం, వడగాలి చూశాం గానీ ఇలాంటి గాలి ఎప్పుడూ చూడలేదు.

అసలు సంగతి ఇది. ఇప్పటికీ సగం అట్టపెట్టెలు హాల్లో తాళ్ళతో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. విప్పుదామంటే "ఎండాకాలం గడవనీ, చూద్దాం" అంటారు. పొద్దున్న ఐదింటికి లేచి బాల్కనీలో కూర్చుంటారు. సాయంత్రమైతే ఫోన్ పట్టుకుని భిలాయి స్నేహితులతో ఒకటే మాటలు. అక్కడ సెక్టార్ 5 బాలాజీ గుడిలో ఉత్సవం వస్తే వంటశాల పని దగ్గరుండి చూసేవారు, ఇంట్లో కనబడేవారే కాదు. ఇక్కడ గుడికి రమ్మంటే వచ్చి దండం పెట్టుకుని పది నిమిషాల్లో పదమంటారు. గొడవపడరు, విసుక్కోరు, అదే నాకు ఎక్కువ బెంగగా ఉంది. ఈ వయసులో ఊరు మారినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎన్నాళ్ళకి కుదురుకున్నారు? నేను బలవంతంగా ఆ పెట్టెలు విప్పేయనా?

గాజువాక_ప్రసాద్
విప్పకండమ్మా. కనీసం ఆయన సామాను ఉన్నవి ముట్టుకోకండి. నేను విశాఖ ఉక్కులో చేసి రిటైరయ్యాను, ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను.

తెనాలమ్మాయి_పుణెలో
నేను ప్రసాద్ గారితో ఏకీభవించను. మా నాన్నగారు పోయాక అమ్మని తెనాలి నుంచి పుణె తీసుకొచ్చాను. అమ్మ కూడా సూట్‌కేసు మంచం కింద సర్ది ఉంచుకునేది. చీరలు కూడా అందులోంచే తీసుకుని కట్టుకునేది. "అమ్మ ఇష్టం" అని ఊరుకున్నాను. ఏడాది గడిచిపోయింది. ఒకరోజు బీరువాలో ఒక అర ఖాళీ చేసి "ఇది నీది" అని చూపించాక గానీ ఆ సూట్‌కేసు అటక ఎక్కలేదు. విప్పకపోవడానికి ఒక్కోసారి బెంగ కారణం కాదు, పెట్టుకోవడానికి చోటు ఎక్కడో తెలియకపోవడం కారణం.

సెక్టార్6_అన్నపూర్ణ
చోటు కూడా తక్కువేనమ్మా. అక్కడ క్వార్టర్ చిన్నదే గానీ పెరడు ఉండేది. మామిడి, మునగ, వెనక రేకుల షెడ్డు. ఆయన పనిముట్లన్నీ ఆ షెడ్డులోనే. ఇక్కడ ఏడో అంతస్తు.

కాగితాల_రావు
మనసు సంగతి మిగతావాళ్ళు చెబుతారు. నేను బ్యాంకులో పనిచేసినవాణ్ణి, కాగితాల సంగతి చెబుతాను. ముందు ఆధార్‌లో చిరునామా మార్చండి, మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి. రిజిస్టర్డ్ మొబైల్ చేతిలో ఉంటే ఆన్‌లైన్లోనే అయిపోతుంది, ఫీజు 75 రూపాయలు. ఫ్లాటు మీ పేరున ఉంటే సేల్ డీడ్ గానీ తాజా కరెంటు బిల్లు గానీ చాలు. మీ పేరున ఏదీ లేకపోతే కుటుంబ పెద్ద ఆధార్ ఆధారంగా కూడా మార్చుకోవచ్చు. అలాగైతే ఆయన 30 రోజుల్లోగా ఆన్‌లైన్లో ఒప్పుకోవాలి.

ఓటుకి ఫారం 8. ఊరు మారినా నియోజకవర్గం మారినా ఇప్పుడు ఆ ఒక్క ఫారమే. ఈపీఎస్ (పీఎఫ్ ఆఫీసు ఇచ్చే) పెన్షన్ గురించి భయం అక్కర్లేదు. 2025 జనవరి నుంచి కేంద్రీకృత చెల్లింపు వచ్చింది కాబట్టి పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) బదిలీ చేయించుకునే పని లేదు, ఏ బ్యాంకు ఏ శాఖలోనైనా డబ్బు పడుతుంది. జీవన్ ప్రమాణ్ (పెన్షన్‌కి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్) ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోనే చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా ఇక్కడి శాఖకి మార్చుకుంటే నంబరు అదే ఉంటుంది, ఐఎఫ్ఎస్‌సీ మారుతుంది. భిలాయిలో లాకరు ఉంటే మాత్రం మనిషి వెళ్ళాల్సిందే. గ్యాసు సిలిండర్లు, రెగ్యులేటరు అక్కడే అప్పజెప్పి టీవీ (టెర్మినేషన్ వోచర్) కాగితం తెచ్చుకున్నారా? ఆ కాగితం ఉంటే ఇక్కడ కనెక్షన్ ఇస్తారు.

పెదవాల్తేరు_వాణి
రావు గారు చెప్పిన ఆధార్ పని నిజంగా ముందు చేయండి అన్నపూర్ణ గారూ. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి స్త్రీ శక్తి కింద బస్సు ఉచితం. సిటీ బస్సులకీ వర్తిస్తుంది. కానీ ఏపీ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి.

సెక్టార్6_అన్నపూర్ణ
అదే జరిగింది వాణి గారూ! నా కార్డు చూసి కండక్టరు "అమ్మా, ఇది ఛత్తీస్‌గఢ్ కార్డు" అని టికెట్ కొట్టాడు. బస్సులో అందరూ నావైపు చూశారు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన మనిషిని, నాకు మాత్రం టికెట్.

రావు గారూ, టీవీ కాగితం తెచ్చుకున్నాం. స్కూటరు కూడా తెచ్చుకున్నాం, సీజీ 07 నంబరుతోనే నడుస్తోంది.

కాగితాల_రావు
పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే రిజిస్ట్రేషన్ ఈ రాష్ట్రానికి మార్చాలి. దానికి ముందు దుర్గ్ ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి, ఆ తర్వాత ఇక్కడ లైఫ్ టాక్సు. బండి బాగా పాతదైతే ఈ తిరుగుడు కంటే అమ్మేయడం నయం.

ఓరుగల్లు_రవి
నేను ఇక్కడ కొంచెం కటువుగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. ఈ వయసులో పెద్దవాళ్ళని కదిలించడమే తప్పు. మా అమ్మానాన్నల్ని హనుమకొండ నుంచి హైదరాబాద్ తెచ్చి మియాపూర్‌లో మా ఫ్లోర్‌లోనే ఫ్లాటు తీసిచ్చాం. దూరం కూడా ఎంత, మూడు గంటల ప్రయాణం. అయినా మా నాన్న రోజూ పొద్దున్న పేపర్లో వరంగల్ జిల్లా పేజీ లేదని విసుక్కునేవారు. చివరికి తిరిగి పంపించేశాం. ఇప్పుడు ఇద్దరూ మస్తు ఖుషీగా ఉన్నారు. వంటమనిషిని పెట్టాం, పక్కింటి వాళ్ళ దగ్గర ఒక తాళంచెవి ఉంచాం, వారానికోసారి నేనే వెళ్ళొస్తాను.

తెనాలమ్మాయి_పుణెలో
రవి గారూ, మూడు గంటల దూరం కాబట్టి మీకు కుదిరింది. పుణె నుంచి తెనాలికి వారానికోసారి ఎవరు వెళ్ళగలరు? పైగా వీళ్ళది సొంతిల్లు కాదు, కంపెనీ క్వార్టర్. ఇవాళ కాకపోతే రేపైనా ఖాళీ చేయాల్సిందే కదా.

ఓరుగల్లు_రవి
అది నిజమే. క్వార్టర్ సంగతి నేను గమనించలేదు. వెనక్కి వెళ్ళడానికి ఇల్లే లేకపోతే లెక్క వేరు.

బెంగళూరు_భాస్కర్
కాకినాడ నుంచి 66వ ఏట బెంగళూరు వచ్చాను. అన్నపూర్ణ గారి ప్రశ్నకి నా జవాబు: మొదటి ఏడాదిలో రెండుసార్లయినా పాత ఊరు వెళ్ళి రండి. వెళ్ళకుండా ఉంటే ఆ ఊరు మనసులో ఇంకా ఇంకా అందంగా తయారవుతుంది. వెళ్ళి చూస్తే అక్కడా మనుషులు తగ్గిపోయి ఉంటారు, మనం రోజూ కూర్చునే అరుగు మీద ఇంకెవరో ఉంటారు. నేను కాకినాడ వెళ్ళినప్పుడు నాతో వాకింగ్‌కి వచ్చేవాళ్ళలో ఇద్దరు పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారని తెలిసింది. అప్పుడు గానీ నేను ఇక్కడ డాక్టర్ని చూసుకోలేదు. అంతకుముందు ప్రతి మందుకీ కాకినాడ ఫోన్ చేసేవాణ్ణి.

గాజువాక_ప్రసాద్
భాస్కర్ గారూ, అది మీకు పనిచేసింది. కొంతమంది వెళ్తే ఇంక రారు. మా దగ్గర ఒకాయన చూసొస్తానని వెళ్ళి మూడు నెలలు అక్కడే స్నేహితుల ఇళ్ళలో ఉండిపోయాడు. ఇంట్లోవాళ్ళు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది.

బెంగళూరు_భాస్కర్
అందుకే తిరుగు టికెట్ ముందే తీయాలి. 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్–విశాఖ వందే భారత్ ఉంది కదా, రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ, విజయనగరం మీదుగా. సుమారు ఎనిమిది గంటలు. ఇదివరకటి రాత్రి ప్రయాణం లేదు. మోకాళ్ళ నొప్పులున్నా కూర్చుని వెళ్ళి రావచ్చు.

కాగితాల_రావు
రానూపోనూ ఛార్జీ కూడా చూసుకోవాలి. పెద్దవాళ్ళకి రైల్వే ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగింది, ఇంకా తిరిగి రాలేదు. మన ఆర్టీసీలో మాత్రం 60 దాటినవాళ్ళకి 25 శాతం ఉంది.

నోరూరించే_పద్మ
ఇంత సీరియస్ చర్చలో నాది వంటింటి ప్రశ్న. అన్నపూర్ణ గారూ, కూలర్ తెచ్చుకున్నారా?

సెక్టార్6_అన్నపూర్ణ
తెచ్చాం పద్మా. పెద్ద ఇనుప కూలర్. ఆయన స్వయంగా మోటారు కట్టి చేసుకున్నది. అది కూడా హాల్లోనే ఉంది.

నోరూరించే_పద్మ
మేము నాగ్‌పూర్ నుంచి వచ్చేటప్పుడు మాదీ మోసుకొచ్చాం. విశాఖలో కూలర్ పనిచేయదమ్మా. అక్కడ ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి గడ్డి మీద నీళ్ళు ఆవిరై గాలి చల్లబడుతుంది. ఇక్కడ గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది. కూలర్ వేస్తే ఇల్లంతా చెమ్మ, మంచం మీద దుప్పటి కూడా తడితడిగా ఉంటుంది. ఫ్యాను, కిటికీలు, మరీ అయితే ఏసీ. ఇంకొకటి: ఉప్పు, పంచదార, అప్పడాలు గట్టి మూత సీసాల్లోకి మార్చండి. ఇనప బీరువా అడుగు నేలకి తగలకుండా నాలుగు చెక్కముక్కల మీద పెట్టి, ఏటా కింద రంగు కొట్టించండి. సముద్రపు గాలికి అడుగు నుంచే తుప్పు మొదలవుతుంది. పట్టుచీరలు అట్టపెట్టెల్లో ఉంటే ఇవాళే తీయండి. అవి మటుకు ఎవరి అనుమతీ అడక్కండి!

సెక్టార్6_అన్నపూర్ణ
చీరల పెట్టె ఈ సాయంత్రమే విప్పేశాను. రెండు చీరల మడతల్లో అప్పుడే బూజు వాసన. బాల్కనీలో నీడకి ఆరేశాను. పద్మా, నువ్వు చెప్పకపోతే ఎండలొచ్చేవరకూ చూసేదాన్ని కాదు.

ఫిజియో_కిరణ్
పెద్దవాళ్ళకి కొత్త ఇంట్లో ఉండే పెద్ద ప్రమాదం ఎవరూ చెప్పలేదు. రాత్రి బాత్రూమ్. అన్నేళ్ళు మంచం దిగి ఎడమకి తిరిగిన మనిషి నిద్రమత్తులో ఇక్కడ కూడా ఎడమకే తిరుగుతాడు, అక్కడ గోడ ఉంటుంది. మా దగ్గరికి తుంటి విరిగి వచ్చేవాళ్ళలో ఇల్లు మారిన కొత్తలో పడ్డవాళ్ళు చాలామందే ఉంటారు. వీలైతే మంచం పాత ఇంట్లో ఉన్న వైపే వేయండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా నేలకి దగ్గరగా చిన్న నైట్‌ల్యాంపులు పెట్టండి. కమోడ్ పక్కన పట్టుకునేందుకు స్టీలు కడ్డీ బిగించండి. అన్నిటికంటే ముందు, నడిచే దారిలో ఆ అట్టపెట్టెలు లేకుండా చూడండి. విప్పడం మానడం మీ ఇష్టం, గోడవారకి మటుకు జరపండి.

పెదవాల్తేరు_వాణి
కిరణ్ గారిది చాలా అవసరమైన మాట. ఇంకొకటి చేర్చుతాను. జబ్బు చేశాక డాక్టర్ని వెతుక్కోకండి. బాగున్నప్పుడే ఒకసారి వెళ్ళి పాత రిపోర్టులన్నీ చూపించి ఫైలు తెరిపించుకోండి. ఇద్దరి మందుల పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. 108 కి ఫోన్ చేస్తే చెప్పడానికి టవర్ పేరు, ఏ గేటు దగ్గరికి రావాలో కూడా ఆ కాగితం మీదే రాయండి. కంగారులో కొత్త అడ్రసు నోటికి రాదు, పాతదే వస్తుంది.

కాగితాల_రావు
సెయిల్‌లో (భిలాయి ప్లాంటు వాళ్ళ కంపెనీ) రిటైరైనవాళ్ళ మెడిక్లెయిమ్ ఉంటే విశాఖలో ఏ ఆసుపత్రులు జాబితాలో ఉన్నాయో ఇప్పుడే తెలుసుకోండి, రెన్యువల్ తేదీ రాసి పెట్టుకోండి. ఆయనకి 70 నిండగానే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల వరకు.

గాజువాక_ప్రసాద్
అన్నపూర్ణ గారూ, మళ్ళీ మొదటికి వస్తాను. మీరు రాసినదాంట్లో నాకు గట్టిగా తగిలిన మాట ఆ గుడి వంటశాల. స్నేహితులు లేకపోవడం కంటే ఆయనకి ఎవరూ పని చెప్పకపోవడం ఎక్కువ బాధ. నలభై ఏళ్ళు "సార్, ఇది ఆగిపోయింది, రండి" అని పిలిపించుకున్న మనిషి. ఇప్పుడు అందరూ "కూర్చోండి, రెస్ట్ తీసుకోండి" అంటారు. మెకానికల్ మెయింటెనెన్స్ అన్నారు కదా. మీ అపార్ట్‌మెంట్‌లో మోటార్లు, జనరేటరు, లిఫ్టు ఎవరు చూస్తున్నారు? ఏ అసోసియేషన్‌కైనా ఆ పని తెలిసిన మనిషి దొరకడం కష్టం. మీరు కాదు, సెక్రటరీ వచ్చి అడిగేలా చూడండి.

ఇంకో సంగతి. మా ప్లాంటు మొదలైన రోజుల్లో భిలాయి నుంచి వచ్చి ఇక్కడ చేరినవాళ్ళు ఉన్నారు. కొందరు ఇప్పటికీ కూర్మన్నపాలెం వైపే ఉంటున్నారు. మీరు ఊరికి ఆ చివర, మేము ఈ చివర, అయినా ఒక ఆదివారం రండి. బ్లాస్ట్ ఫర్నేస్ గురించి మాట్లాడేవాళ్ళు దొరికితే ఆయన మొహం ఎలా మారుతుందో చూడండి.

నోరూరించే_పద్మ
ఆ ఆదివారం ఆడవాళ్ళు ఏం మాట్లాడుకోవాలో కూడా చెప్పండి ప్రసాద్ గారూ. నాకు బ్లాస్ట్ ఫర్నేస్ అంటే మా గ్యాస్ పొయ్యే.

గాజువాక_ప్రసాద్
మా ఆవిడ మీకు పోటీ వస్తుందమ్మా. రొయ్యల వేపుడు ఆవిడ చేతిదే తినాలి.

పెదవాల్తేరు_వాణి
నేను ఇందాకటి నుంచి ఒకటి అడగాలనుకుంటున్నాను. అన్నపూర్ణ గారూ, మీరు రాసినదంతా ఆయన గురించే. మరి మీ సంగతేమిటి?

సెక్టార్6_అన్నపూర్ణ
ఏం చెప్పమంటారు వాణి గారూ. అక్కడ ఎడమపక్క బెంగాలీ దీదీ, కుడిపక్క మలయాళీ వాళ్ళు, ఎదురుగా ఛత్తీస్‌గఢీ వదిన. తీజా పండగకి ఆవిడ ఠేఠరీ, ఖుర్మీ చేసి స్టీలు గిన్నెలో ఇచ్చేది. ఆ గిన్నె నేను ఎప్పుడూ ఖాళీగా తిరిగి ఇవ్వలేదు, సంక్రాంతికి అరిసెలు వేసి పంపేదాన్ని. వచ్చేటప్పుడు ఆవిడ గిన్నె ఒకటి నా సామానులో కలిసి వచ్చేసింది. ఇక్కడ మా అంతస్తులో నాలుగు తలుపులు. అందరూ మంచివాళ్ళే, లిఫ్టులో నవ్వుతారు. తలుపు మాత్రం ఎవరూ తీసి ఉంచరు. మొన్న సంక్రాంతికి అరిసెలు చేసి, ఎవరికి ఇవ్వాలో తెలియక అన్నీ అమ్మాయి ఇంటికే పంపించాను.

పెదవాల్తేరు_వాణి
తలుపు కొట్టి ఇచ్చేయాల్సింది! ఇక్కడివాళ్ళకి అరిసెలు వద్దనే అలవాటు లేదండీ. ఉద్యోగాలకెళ్ళే పిల్లలు పగలు ఇంట్లో ఉండరు, రాత్రి ఏడున్నర దాటాక వెళ్ళండి. మీరు ఆదివారం పొద్దున్నే నాతో రండి. బీచ్ రోడ్డులో వాకింగ్ చేసేవాళ్ళ కోసం తెల్లవారుజామున బళ్ళు ఆపేస్తారు. కాసేపు నడిచి అక్కడి నుంచి ఎంవీపీ రైతుబజారుకి వెళ్దాం. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం కూడా ఉంది, ఆయనకి పేపర్లంటే ఇష్టమైతే అదీ చూపిద్దాం.

తెనాలమ్మాయి_పుణెలో
వాణి గారి మాట వినండి. మా అమ్మ కుదురుకున్నది నా వల్ల కాదు. కింద పార్కులో పరిచయమైన మరాఠీ ఆవిడ వల్ల. ఇద్దరికీ భాష సరిగా రాదు, అయినా గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. ఒక్కటి మీ అమ్మాయికి కూడా చెప్పండి: ప్రతి పనీ తనే చేసిపెట్టకూడదు. మందుల షాపు, కూరల బండి, బ్యాంకు, వీటికి మిమ్మల్నే వెళ్ళనివ్వాలి. నేను మొదట్లో అన్నీ ఫోన్‌లో తెప్పించి ఇంట్లో పెట్టేదాన్ని. అమ్మకి బయటికి వెళ్ళే అవసరమే లేకుండా పోయింది.

సెక్టార్6_అన్నపూర్ణ
కొన్నాళ్ళుగా ఇటు రాలేకపోయాను. ప్రసాద్ గారూ, మీరు చెప్పినట్టు సెక్రటరీ అబ్బాయితో అమ్మాయి మాట్లాడింది. అతను వచ్చి "అంకుల్, సంపు మోటారు దగ్గర నీళ్ళు కారుతున్నాయి, మెకానిక్ మొత్తం మోటారే మార్చాలంటున్నాడు, ఒకసారి చూస్తారా" అన్నాడు. ఈయన చెప్పులేసుకుని దిగారు. నేనూ వెనకే వెళ్ళాను. మోటారు మీద చెయ్యి వేసి కాసేపు విన్నారు. ఆ మెకానిక్ కుర్రాణ్ణి పిలిచి "బేరింగు బాగుంది, గ్లాండ్ ప్యాకింగ్ అరిగింది, అంతే. దానికి మోటారు మార్చమంటావా?" అని అడిగారు. ఆ కుర్రాడు మాట్లాడలేదు. ఈయన పైకి వచ్చి హాల్లో పనిముట్ల పెట్టె తాళ్ళు కోసి స్పానర్లు తీసుకుని మళ్ళీ కిందికి వెళ్ళారు. భోజనానికి మూడయింది, సుగర్ మనిషి, నేను కేకలేశాను.

ఆ ఒక్క పెట్టే విప్పారు. మిగతావి అలాగే ఉన్నాయి. సాయంత్రం భిలాయి ఫోన్లూ అలాగే ఉన్నాయి, కాకపోతే ఇప్పుడు ఈ మోటారు సంగతి వాళ్ళకి చెబుతున్నారు.

ఓరుగల్లు_రవి
చాలా సంతోషం. అయినా ఒక ఎండాకాలం గడిస్తే గానీ నేను నమ్మను. మా నాన్నగారు కూడా మొదట్లో అసోసియేషన్ మీటింగులకి వెళ్ళేవారు.

బెంగళూరు_భాస్కర్
రవి గారూ, ఎండాకాలం కాదు, రెండు సంక్రాంతులు గడవాలి. మొదటి పండక్కి ఎవరింటికి ఏం పంపాలో తెలియదు, రెండోదానికి తెలుస్తుంది. ఆలోపు కుదురుకోలేదని కంగారు పడకండి అన్నపూర్ణ గారూ. రైలు టికెట్ మాట మాత్రం మరిచిపోవద్దు. ఆ గిన్నె వదినగారికి ఇచ్చి రావాలి కదా.

నోరూరించే_పద్మ
ఖాళీగా ఇవ్వకండి. తాటిబెల్లం వేసి సున్నుండలు చేసి నింపండి, రైల్లో పాడవవు.

సెక్టార్6_అన్నపూర్ణ
ఎండలు ముదరకముందే వెళ్ళొద్దామన్నాను, సరేనన్నారు. తిరుగు టికెట్ కూడా కలిపే తీయమన్నాను. వాణి గారూ, ఆదివారం నేను వస్తాను. ఆధార్ అప్‌డేట్ ఇంకా రాలేదు, బస్సుకి టికెట్ కొనుక్కునే వస్తాను. రైతుబజారులో పర్వల్ కాయ దొరుకుతుందా?

పెదవాల్తేరు_వాణి
నేను చూశానండీ, కానీ తొందరగా అయిపోతుంది. ఆరున్నరకల్లా ఆర్కే బీచ్ కాళీమాత గుడి దగ్గర ఉండండి. రెండు సంచులు తెచ్చుకోండి.

నోరూరించే_పద్మ
నేనూ వస్తున్నా. ఆ కూలర్ మాత్రం ఎవరికైనా ఇచ్చేయండి, రాయగడ వైపు వెళ్ళేవాళ్ళకైతే పనికొస్తుంది.

సెక్టార్6_అన్నపూర్ణ
కూలర్ ఊసెత్తితే ఆయన ఊరుకోరమ్మా. దాని మోటారు ఊడదీసి ఏదో చేస్తానంటున్నారు.